చివరి పన్నెండు మెట్లు

చార్మినార్ నుంచి లాడ్‌బజార్ గాజుల మెరుపుల మధ్యగా పడమటికి నడిస్తే మహబూబ్‌చౌక్ గడియార స్తంభం వస్తుంది. అక్కడి కోళ్ల గంపల్ని, పాత ఇనుప సామాన్లని దాటుకుని ఇంకాస్త ముందుకెళ్తే హుస్సేనీ ఆలం. మొహర్రం రోజుల్లో జనం వరసకట్టి దర్శించుకునే ఆలం పేరే ఈ పేటకూ వచ్చింది. ఈ గల్లీల్లో గడియారాలు బాగుచేసేవాళ్లున్నారు, పెట్టెలకు తాళాలు వేసేవాళ్లున్నారు. పియానో బాగుచేసే ఇల్లెక్కడని అడిగితే మాత్రం కొత్తవాళ్లు నవ్వుతారు. పాతవాళ్లు నవ్వరు. 'బాజా చాచా ఇల్లా?' అని దారి చూపిస్తారు.

ఆ ఇంటి దాలాన్‌లో ముందు పలక ఊడదీసిన నిలువు పియానో ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దాని పక్కన ఫెల్టు ముక్కలు, తీగల చుట్టలు, నాఫ్తలీన్ ఉండలు. ఎదురుగా గోడవారన బల్ల మీద కంప్యూటర్. కుట్టుపువ్వుల గుడ్డ కప్పి పెళ్లికూతుర్లా కూర్చోబెట్టిన ఆ కంప్యూటర్ మొదటిది కాదు, మూడోది. మొదటిది 2003లో వచ్చింది. కథంతా దానితోనే మొదలైంది.

బాజా చాచా తండ్రి వడ్రంగి. తలుపులూ కిటికీలూ చేసేవాడు. 1970లో, పదిహేడేళ్ల వయసులో, సికింద్రాబాద్‌లో ఒకరింట్లో పియానో కాలు విరిగిందంటే బాగుచేయడానికి ఈ కుర్రాణ్ని పంపారు. అదే సమయానికి ఆ ఇంట్లో పియానో శ్రుతి చేయడానికి ఒక ఆంగ్లో ఇండియన్ ముసలాయన వచ్చాడు. కాలు అతికించడం అయిపోయినా కుర్రాడు కదల్లేదు. ముసలాయన ఒక్కో తీగనీ బిగించి, వదిలి, తల వంచి వింటుంటే నోరు తెరుచుకుని చూశాడు. 'రేపు మారేడ్‌పల్లిలో ఇంకోటుంది, సంచి మోస్తావా?' అన్నాడట ఆయన. ఆ సంచి మోయడం తొమ్మిదేళ్లు సాగింది. తర్వాత సంచి కుర్రాడిదే అయింది.

అసలీ పని ఏమిటో కాస్త చెప్పుకోవాలి. పియానోకు 88 మెట్లు. కింది స్థాయిలో మెట్టుకు ఒకటో రెండో తీగలు, మధ్య నుంచి పైకి మూడేసి. మొత్తం 220 పైనే. అన్నీ కలిసి లోపలి పోత ఇనుప చట్రాన్ని లాగే బలం 15 నుంచి 20 టన్నులు. ఆ లాగుడు మధ్యలో, కింద నాదం పుట్టించే పల్చటి చెక్క పలక ఉంటుంది. చెక్క కదా, గాలిలో తేమను తాగుతుంది. హైదరాబాద్‌లో జులై, ఆగస్టుల్లో అది ఉబ్బితే శ్రుతి హెచ్చుతుంది, ఏప్రిల్, మే ఎండలకు ఎండితే తగ్గుతుంది. ఎవరూ ముట్టకపోయినా పియానో తనంతట తాను శ్రుతి తప్పుతుందంటే కొన్నవాళ్లే నమ్మరు. 'మొన్ననేగా చేశావ్!' అంటారు. మొన్న అంటే మే నెల. ఇప్పుడు ఆగస్టు.

చాచాకు ఇదంతా కంఠతా వచ్చు. రాతపూర్వకంగా ఉన్నది మాత్రం నోటు పుస్తకాల్లో. కుడి నుంచి ఎడమకు సాగే ఉర్దూ రాతలో ముప్పై ఏళ్ల లెక్క. ఇంటివాళ్ల పేర్లుండవు. 'బోయిన్‌పల్లి, కరిచే కుక్క', 'తిరుమలగిరి, మేడమెట్లు ఇరుకు', 'చర్చి, ఎలుకలు'. ఎలుకలకు ఫెల్టంటే ప్రాణం. గూళ్లకు పీక్కుపోతాయి. అది ఎప్పుడు జరిగింది, ఎన్ని సుత్తులకు కొత్త ఫెల్టు వేశాడు, ఏ తీగ తెగింది, అన్నీ ఉంటాయి. ఏ పుస్తకంలో ఉంటాయన్నది మాత్రం ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

కంప్యూటర్ కొన్నది వ్యాపారం కోసం కాదు. కొడుకు చదువు కోసం. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు ఏరుకుని బిగింపించుకొచ్చారు. కొడుకు దాని మీద ఆటలాడాడు. పని నేర్చుకున్నది పెద్ద కూతురు. హుస్సేనీ ఆలంలోనే ఉన్న ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాలలో బీకాం చదివి ఇంట్లో కూర్చున్న పిల్ల. ఒకరోజు తండ్రి ఏదో పాత లెక్క కోసం ట్రంకుపెట్టె బోర్లించి పదకొండు పుస్తకాలు తిరగేస్తుంటే చూసి, 'ఇవన్నీ ఎక్సెల్‌లో ఎక్కిద్దాం అబ్బా' అంది. 'అది పియానో వాయిస్తుందా?' అన్నాడాయన.

నాలుగు నెలలు పట్టింది. రాత్రి నమాజు అయ్యాక ఆయన చదవడం, ఆమె కొట్టడం. మొత్తం 137 పియానోలు తేలాయి. వాటిలో చచ్చినవి, అమ్ముడుపోయినవి, యజమానులతో పాటు ఆస్ట్రేలియా వెళ్లినవి పోగా బతికున్నవి 91. ఒక్కో పియానోకు ఒక వరస. తయారీ పేరు, ఇనుప చట్రం మీది సీరియల్ నంబరు, పేట, పోయిన తేదీ, అప్పుడు శ్రుతి ఎంత జారి ఉంది, ఏం చేశారు, ఎంత ఇచ్చారు, మళ్లీ ఎప్పుడు వెళ్లాలి. ఆఖరి గడి చూసి చాచా ఆశ్చర్యపోయాడు. మళ్లీ ఎప్పుడు వెళ్లాలో ఆయన ఎన్నడూ రాసుకోలేదు. వాళ్లు పిలిస్తే వెళ్లడమే ఆయనకు తెలిసిన వ్యాపారం.

ఈ ఒక్క గడి వాళ్ల ఇంటి పొయ్యిని మార్చింది. ఇప్పుడు వాళ్లు పిలిచేదాకా ఆగడం లేదు. వానలు కుదుటపడ్డాక ఒకసారి, చలి వెళ్లాక ఒకసారి కూతురే ఫోన్ చేసి 'మీ పియానో చూసి ఆర్నెల్లయింది మేడమ్' అనేది. చాలామంది 'అవునా, రండి' అనేవారు. పేటలవారీగా వరస మార్చే సౌకర్యం ఉంది కాబట్టి సైనిక్‌పురి పనులన్నీ ఒకరోజు, బంజారాహిల్స్‌వి ఒకరోజు పెట్టేది. పాతబస్తీ నుంచి పొద్దున్నే స్కూటర్ మీద మూసీ దాటి వెళ్లి, మధ్యాహ్నం వెనక్కొచ్చి, సాయంత్రం మళ్లీ అటే వెళ్లే బాధ తప్పింది. పెట్రోలు ఖర్చు సగమైందని ఆయన ఒప్పుకున్నాడు. కంప్యూటర్ వల్ల అని మాత్రం ఒప్పుకోలేదు.

విడిభాగాలదీ పెద్ద తంటాయే. హైదరాబాద్‌లో దొరికేవి తక్కువ. 1842 నుంచీ ఉన్న చెన్నై మ్యూసీ మ్యూజికల్, 1865లో పుట్టిన ముంబయి ఫుర్టాడోస్ లాంటి దుకాణాలున్న ఊళ్ల వైపు చూడాల్సిందే. పూర్వం విరిగిన ముక్కను గుడ్డలో చుట్టి పార్సిల్ చేస్తే, వాళ్లు చూసి రాసే జవాబుకు మూడు వారాలు. కూతురు ఆ ముక్కను ఇంటర్నెట్ సెంటర్లో స్కానర్ మీద పడుకోబెట్టి, పక్కన స్కూలు స్కేలు పెట్టి, ఆ బొమ్మను మెయిల్ చేసింది. మర్నాటికి జవాబొచ్చింది. స్కానర్ మీద చెక్క సుత్తి పెట్టిన అమ్మాయిని చూసి సెంటర్ కుర్రాడు ఏమనుకున్నాడో!

2005 తర్వాత గిరాకీ తీరు మారింది. అప్పటిదాకా చర్చిలు, కాన్వెంటు బళ్లు, సికింద్రాబాద్ పాత కుటుంబాలు. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ ఇళ్లు. పిల్లలు ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల గ్రేడు పరీక్షలకు తయారవుతారు. ఎలక్ట్రానిక్ కీబోర్డుతో మొదలుపెట్టి, కాస్త పై గ్రేడు కొచ్చేసరికి అసలు పియానో కొంటారు. పరీక్షకు ముందు శ్రుతి చేయించుకుంటారు. అందుకని కూతురు ఇంకో గడి చేర్చింది, 'వాయించేది ఎవరు?' అని. తాత, అమ్మ, పదేళ్ల పాప, చర్చి మాస్టారు... ఇలా. పరీక్షలు గుర్తుపెట్టుకోవడానికి పెట్టిన గడి అది. అది ఇంకేదో చెబుతుందని ఆమె అనుకోలేదు.

2009 వానాకాలంలో లెక్కలు చూస్తుంటే ఆమెకు ఒక సంగతి కనిపించింది. పని చేసొచ్చిన రెండు వారాల్లోపే 'సరిగా లేదు, మళ్లీ రండి' అన్న పిలుపులు. అలాంటివి 2006లో రెండు. ఆ ఏడాది అప్పటికే తొమ్మిది. ఉచితంగా వెళ్లాలి కాబట్టి విడిగా రాసి ఉంచింది. ఆ తొమ్మిదింటినీ ఒకచోటికి చేర్చి చూసింది. పేటలు వేరు, పియానోలు వేరు. ఫిర్యాదు ఒక్కటే, 'పై మెట్లు బాగాలేవు'. ఇక 'వాయించేది ఎవరు' గడిలో, తొమ్మిదిట్లో ఎనిమిది చోట్ల పిల్లలు. తాతలున్న ఇళ్ల నుంచి ఒక్క పిలుపూ లేదు.

ఆమె తెర కట్టేసి చాలాసేపు ఊరుకుంది. తాతలు ఎందుకు పిలవలేదో ఆమెకు అర్థమైంది. వాళ్ల చెవులూ నాన్న చెవుల వయసువే.

వారం తర్వాత మెల్లగా కదిపింది. 'అబ్బా, వీళ్లందరూ పై మెట్ల గురించే అంటున్నారు.' ఆయన వెంటనే, 'పిల్లలు బాదుతారు బేటా, తీగ జారుతుంది' అన్నాడు. పిల్లలు బాదేది మధ్య మెట్లని, చివరి మెట్ల జోలికి వాళ్ల పాఠాలు దాదాపు వెళ్లవని ఆమెకు తెలుసు. ఆయనకు ఇంకా బాగా తెలుసు. ఇద్దరూ ఆ మాట అనలేదు.

ఆమెకు తోచిన ఉపాయం కంప్యూటర్‌కే వినిపించడం. గిటార్ శ్రుతి చేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి తెచ్చింది. కంప్యూటర్ మైకును దాలాన్‌లోని పియానో దాకా లాగింది. తమాషాకన్నట్టు ఒక స్థాయి మొత్తం తెర చెప్పినట్టు బిగించమంది. ఆయన బిగించి, విని, 'చప్పగా ఉంది' అన్నాడు. 'లెక్క ప్రకారం సరిగ్గా ఉంది అబ్బా.' 'లెక్కకు ఉంటుంది. చెవికి లేదు.'

ఆయన మాటే నిజం. స్థాయి పెరిగితే కంపనాల సంఖ్య రెట్టింపవుతుందని పుస్తకాల్లో చదువుకుంటాం. 440 పై స్థాయిలో 880. పియానో తీగ ఉక్కుది, బిరుసుది. దాని నుంచి ప్రధాన స్వరంతో పాటు పుట్టే పై స్వరాలు లెక్కకన్నా కొంచెం హెచ్చుగా ఉంటాయి. వాటితో కలవాలంటే పై మెట్లను లెక్కకన్నా కాస్త ఎక్కువ బిగించాలి, కింది మెట్లను కాస్త వదలాలి. చెవితో శ్రుతి చేసేవాళ్లు తమకు తెలియకుండానే ఈ పని చేస్తున్నారని 1938లో రైల్స్‌బాక్ అనే అమెరికన్ కొలిచి గీత గీసి చూపించాడు. గణితం పట్టించుకోని ముచ్చట్లు పియానోలో ఇలాంటివెన్నో. విశాఖపట్నంలో చిన్నతనం గడిపిన మన సి.వి. రామన్ అంతటివాడు కలకత్తాలో ఉండగా పియానో సుత్తి తీగను తాకే ఆ రెప్పపాటులో ఏం జరుగుతుందో తేల్చడానికి కూర్చుని, 1920లో దాని మీద పరిశోధన వ్యాసమే ప్రచురించాడు.

గెలిచిన చాచా ఇక ఆ డబ్బా ఊసెత్తొద్దన్నాడు. ఏడాది గడిచింది. పిలుపులు తగ్గలేదు. రెండు ఇళ్లవాళ్లు 'వద్దులెండి, వేరేవాళ్లను చూసుకుంటాం' అన్నారు. వాటి వరసలకు ఆమె బూడిదరంగు వేసింది. చచ్చిపోయిన పియానోలకు వేసే రంగే.

2010లో ఆమె మళ్లీ ప్రయత్నించింది. ఈసారి పియానోల కోసమే రాసిన సాఫ్ట్‌వేర్, ట్యూన్‌ల్యాబ్. డబ్బు కట్టకపోయినా పరీక్షించి చూడొచ్చు, కాకపోతే మధ్యమధ్యలో ఆగిపోతుంటుంది. అది ముందు కొన్ని తీగల్ని విని, ఆ పియానో బిరుసు ఎంతో కొలిచి, దానికి తగ్గ గీత గీసుకుంటుంది. తెర మీద చిన్న పట్టీ ఉంటుంది. తీగ తగ్గితే ఒకవైపు, హెచ్చితే ఇంకోవైపు జరుగుతుంది. సరిపోతే నిలబడుతుంది. ఆయన తెరవైపు చూడకుండా, ఎప్పటిలాగే చెవితో 88 మెట్లూ బిగించాడు. తర్వాత ఆమె ఒక్కో మెట్టూ కొట్టి చూసింది. మధ్య స్థాయిల్లో పట్టీ నిలబడింది. ఆయన బిగించినదానికీ యంత్రం గీసినదానికీ వెంట్రుకవాసి తేడా లేదు. ఆయన మీసం కింద నవ్వాడు. పైకి వెళ్లేకొద్దీ కదలడం మొదలైంది. చివరి పన్నెండు మెట్లలో ఒకటి అటు పరిగెడితే, దాని పక్కది ఇటు పరిగెత్తింది.

చాచా తెరనూ నమ్మలేదు, కూతుర్నీ నమ్మలేదు. బయట గల్లీలో గాలిపటం దారం చుట్టుకుంటున్న పక్కింటి తొమ్మిదేళ్ల పిల్లాణ్ని పిలిచాడు. గోడవైపు తిప్పి నిలబెట్టాడు. ముందు తాను బిగించినట్టు వాయించాడు. తర్వాత తెర చూసుకుంటూ ఆ పన్నెండు మెట్లనూ తిరిగి బిగించి వాయించాడు. ఏది బాగుందని అడిగాడు. పిల్లాడు ఆలోచించలేదు. 'మొదటిది గాజుపెంకు గీసినట్టుంది చాచా. రెండోది గజ్జెల్లా ఉంది' అన్నాడు. ఆయనకు రెండూ ఒక్కలాగే వినిపించాయి.

పిల్లాడి చేతిలో రూపాయి బిళ్ల పెట్టి పంపేశాడు. పిన్నులు తిప్పే చాబీని గుడ్డతో తుడిచి సంచిలో పెట్టాడు. చాలాసేపటికి, 'ఈ డబ్బాను స్కూటర్ మీద ఎట్లా తీసుకెళ్తావ్?' అన్నాడు.

కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్లింది ఆ తర్వాతే. చెవుల పరీక్ష కాగితం మీద గీత సమంగా వచ్చి వచ్చి 4,000 దగ్గర గోతిలో పడింది. ఏళ్ల తరబడి పెద్ద చప్పుళ్లు విన్న చెవిలో ముందు దెబ్బతినేది ఆ ప్రాంతమేనట. పియానో చివరి మెట్టు పలికేది సెకనుకు 4,186 కంపనాలు. సరిగ్గా ఆ గోతిలోనే. తీగ నిలబడిందో లేదో చూడటానికి శ్రుతి చేసేవాళ్లు మెట్టును బలంగా కొడతారు. రోజుకు వందలసార్లు, నలభై ఏళ్లు. ఆ రోజు నుంచి ఆయన చెవుల్లో దూది పెట్టుకునే మెట్లు కొడుతున్నాడు, వినేటప్పుడు తీస్తాడు. దూది కన్నా మంచివి దొరుకుతాయని కూతురు చెబుతూనే ఉంటుంది.

పాత ల్యాప్‌టాప్ ఒకటి కొన్నారు. సాఫ్ట్‌వేర్‌కు డాలర్లలో కట్టాలంటే వాళ్ల దగ్గర కార్డు లేదు. ఒక గిరాకీ ఇంటి అబ్బాయి తన కార్డుతో కట్టాడు. రెండేళ్ల పనికి ఆ మొత్తం చెల్లువేసుకున్నారు. కొందరు యజమానులు తెర చూసి మొహం చిట్లించారు. 'మిషనే చేస్తే నీకెందుకివ్వాలి అంత?' అన్నాడొకాయన. చాచా మర్యాదగా చాబీ ఆయన చేతికిచ్చి, 'మిషన్ పట్టీ చూపిస్తోంది సాబ్, ఒక్క తీగ నిలబెట్టండి' అన్నాడట. పిన్ను తిప్పడం కష్టం కాదు. తిప్పి వదిలాక అది మళ్లీ వెనక్కి జారకుండా కూర్చోబెట్టడంలోనే ఉంది. అది చెవి పని కాదు, మణికట్టు పని. ఆ సంగతి తెరకు తెలియదు.

2011కు రెండు వారాల్లోపు పిలుపులు మళ్లీ రెండుకు దిగాయి. బూడిదరంగు వేసిన ఇళ్లలో ఒకటి తిరిగొచ్చింది. రెండోది రాలేదు.

2012 ఎండాకాలం కరెంటు కోతల్లో ఇంటి కంప్యూటర్ హార్డ్‌డిస్కు పోయింది. కూతురు అప్పుడప్పుడూ సీడీలోకి ఎక్కిస్తూనే ఉన్నా, ఆఖరి మూడు నెలలు ఎక్కించలేదు. ఏం చేయాలో తెలియక తల పట్టుకుంటే, చాచా లోపలికెళ్లి ట్రంకుపెట్టె తెచ్చాడు. పన్నెండో పుస్తకం. ఇన్నాళ్లూ ఆయన రాయడం మానలేదు. 'గచ్చిబౌలి, పదో అంతస్తు, లిఫ్టు ఉంది' నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే చదివాడు. ఆమె మళ్లీ కొట్టింది. ఇప్పుడు ఫైలు మూడు చోట్ల ఉంటుంది, పుస్తకంతో కలిపి నాలుగు.

ఆ ఫైల్లో అప్పుడు చేరిన ఒక గడి ఉంది. దాని పేరు 'తెర'. ఒక్కో పియానోకు పై నుంచి ఎన్ని మెట్లు తెర చూసి చేశారో ఆ అంకె. కిందున్నవన్నీ చెవితో చేసినవని లెక్క. ఏళ్ల తరబడి ఆ గడిలో 12 అనే ఉంది. ఈలోగా కూతురు పని నేర్చుకుంది. మొదట సంచి మోసింది, తర్వాత మధ్య స్థాయిలు బిగించింది. పాతబస్తీ అమ్మాయి సంచి భుజాన వేసుకుని వస్తే మొదట్లో వాచ్‌మన్‌లు బట్టలమ్మేదనుకుని గేటు దగ్గరే ఆపేవాళ్లు. ఇప్పుడు ఎక్కువ ఇళ్లకు ఆమే వెళ్తుంది. చాచా వెళ్లేది పాత ఇళ్లకే, కుక్కలున్న చోట్లకు, ఇరుకు మేడమెట్లున్న చోట్లకు. అక్కడివాళ్లు ఆయన్నే అడుగుతారు.

2019 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం తిరుమలగిరి నుంచి వచ్చి, చెప్పులు విడిచి, మంచినీళ్లు తాగి, ఆయనే కంప్యూటర్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. కూతురు ఆ రోజు వరస తెరిచి, తేదీ వేసి, తెర గడిలో అలవాటు కొద్దీ 12 కొట్టబోయింది.

'పంతొమ్మిది రాసుకో బేటా' అన్నాడు.